కాపలా దిగిన రెండు సెకన్లు

అక్టోబర్‌లో బాతెల్ ఊళ్ళో దోమలుండవు.

శనివారం మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటున్న నిశాంత్‌కి మెడ వెనక చురుక్కుమన్నప్పుడు ఆ సంగతి గుర్తు రావాల్సింది. రాలేదు. చేత్తో తడుముకున్నాడు. వెనక ఎవరో "సారీ బాస్" అని కార్ట్ తోసుకుంటూ వెళ్ళిపోయారు. నిశాంత్ కౌంటర్ దాకా నడిచాడు, కార్డు తీశాడు, దాన్ని మెషీన్‌లో పెట్టేలోపే మోకాళ్ళు మడతపడ్డాయి. అంబులెన్స్ వచ్చేసరికి చేతిలో కరివేపాకు అలాగే ఉంది, ప్రాణం లేదు.

ముప్ఫై నాలుగేళ్ళకే హార్ట్ ఎటాక్, ఐటీ ఉద్యోగం స్ట్రెస్ అన్నారు స్టోర్‌లో అందరూ.

హార్బర్ మాత్రం అలా అనలేదు.

హార్బర్ ఒక ఆఫీసు. దానికి బోర్డు ఉండదు. పెద్ద పెద్ద ముఠాల మీద కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్ళని వేరే పేర్లతో, వేరే ఊళ్ళలో దాచడం దాని పని. అలా దాచిన ముప్ఫై ఒక్క కుటుంబాల అడ్రస్‌లు ఒకే ఒక్క సర్వర్‌లో ఉన్నాయి. దూరం నుంచే దాన్ని చూసుకునే ఇంజినీరు నిశాంత్.

*

ఆదివారం ఉదయం పది దాటి అయిదు నిమిషాలు. షామ్‌బర్గ్ తెలుగు చర్చి.

సంఘ పెద్ద జయరాజు గారు మైకు దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ప్రార్థన మనవులు చదవడం మొదలుపెట్టారు. ఎవరికో వీసా స్టాంపింగ్. ఎవరి అబ్బాయికో లాక్రోస్ ఆటలో విరిగిన చెయ్యి. చివరికి:

"బ్రదర్ ఫిలిప్ గారి మోకాలు మళ్ళీ తిరగబెట్టిందట. అత్యవసరంగా ప్రార్థించండి."

వెనక నుంచి మూడో వరసలో, తల మీద చెంగు కప్పుకుని కూర్చున్న ప్రిస్సిల్లా తలెత్తింది.

బ్రదర్ ఫిలిప్ అనే మనిషి లేడు. మూడేళ్ళుగా సంఘమంతా ఆయన కోసం ప్రార్థిస్తోంది, దేవకుమారి ఆంటీ ఒకసారి ఆయనకని పాయా సూప్ కూడా కాచి తెచ్చింది. ఆ మోకాలు హార్బర్ కోడ్. తిరగబెట్టిందంటే వెంటనే కిందకి రా అని. అత్యవసరం అనే మాట మాత్రం ప్రిస్సిల్లా ఇంతవరకూ వినలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళు. ఊరు బాపట్ల. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయి చదువు ఆగింది. చర్చిలో అందరికీ ఆమె వంటగదిలో సాయం చేసే, హెచ్-ఫోర్ వీసా మీదున్న అమ్మాయి. ఆ వీసా మీద ఉద్యోగమే చేయనివ్వరు కదా, గూఢచారి అని ఎవరనుకుంటారు? అంతకంటే మంచి మారువేషం హార్బర్‌కి దొరకలేదు.

ఏప్రన్ కట్టుకుని, బిర్యానీ ట్రేల మధ్య నుంచి, బేస్‌మెంట్ స్టోర్ రూమ్‌లోకి వెళ్ళింది. బియ్యం బస్తాల వెనక ఒక స్టీల్ తలుపు. దాని మీద బొటనవేలు ఆనించింది.

లోపల జయరాజు గారు ముందే ఉన్నారు. ఆయన కోడ్ నేమ్ అంకుల్. షామ్‌బర్గ్‌లో ఆ పేరు పెట్టి పిలిస్తే నలభై మంది వెనక్కి తిరుగుతారు, అందుకే అది ఎప్పుడూ బయటపడలేదు.

"నిశాంత్ పోయాడమ్మా."

"ఎలా?"

"సూది. నిన్న మధ్యాహ్నం. ఆబ్సిడియన్ వాళ్ళ పని."

ఆబ్సిడియన్. విదేశీ ముఠా. రెండేళ్ళ కిందట ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో వాళ్ళు చేస్తున్న పని చూసి, ఏడాది తిరక్కముందే కోర్టులో నిలబడి చెప్పినవాడు ప్రిస్సిల్లా భర్త కాలేబ్. ఆ రోజు నుంచి కాలేబ్‌నీ, పాప సలోమీనీ హార్బర్ దాచేసింది. కుటుంబం నంబర్ పదిహేడు. ముగ్గురూ కలిసుంటే గుర్తుపట్టడం తేలికని ప్రిస్సిల్లాని బయట ఉంచింది. పాప ఏ ఊళ్ళో ఉందో ఆమెకే తెలియదు. తెలియకపోవడమే పాపకి క్షేమం అని చెప్పారు. ఆదివారం ఒంటిగంటకి ఫోన్, అయిదు నిమిషాలు. అలా పద్నాలుగు నెలలు. తీర్పుకి ఇంకా అయిదు నెలలుంది.

"సర్వర్‌కి ఏమైనా అయిందా అంకుల్?"

"ఇంకా కాలేదు. నువ్వు కూర్చో."

"నేను నిలబడే వింటానండీ."

అంకుల్ రెండు కాగితాలు బల్ల మీద పెట్టారు. "సర్వర్ ముందు కాపలా మాడ్యూల్ ఉంటుంది, తెలుసుగా. తాళంచెవి లేనివాడిని లోపలికి రానివ్వని చిన్న ప్రోగ్రాం. సర్వర్ స్టార్ట్ అయినప్పుడల్లా అదీ ఎక్కాలి. పొద్దున దానికి నకలుగా పెట్టుకున్న టెస్ట్ మెషీన్‌లో స్టార్ట్ చేసి చూస్తే, ఎక్కింది, వెంటనే దిగిపోయింది. లాగ్ చూడు."

లాగ్ అంటే సర్వర్ తన ప్రతి పనీ రాసుకునే చిట్టా. కాగితం అడుగున ఆఖరి లైను: కాపలా మాడ్యూల్ అన్‌లోడ్ అయింది.

"కాపలా లేకపోతే?"

"తలుపు బార్లా తెరిచినట్టే. ముప్ఫై ఒక్క అడ్రస్‌లు. గంటలో ముప్ఫై ఒక్క ఇళ్ళ ముందు కార్లు ఆగుతాయి."

ప్రిస్సిల్లా కళ్ళ ముందు ఒక తలుపు కనిపించింది. ఏ రంగు తలుపో తెలియదు. బెల్ మోగగానే పరిగెత్తుకెళ్ళి తీసే అలవాటు సలోమీది. అయిదేళ్ళ పిల్ల. ఎన్నిసార్లు చెప్పినా, ఎవరు అని అడగదు.

"ఈ లాగ్ ఎవరు తీశారు?"

"నేను," అంది వెనక నుంచి ఒక గొంతు.

సెంటు వాసన ముందు వచ్చింది, మనిషి తరవాత. మెరూన్ పట్టుచీర, పైన పొడుగాటి నల్ల కోటు, చేతి వేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం. జోసఫిన్. హైదరాబాద్ పిల్ల. ఒకప్పుడు ఇదే చర్చి క్వయర్‌లో పాడింది. రెండేళ్ళుగా ఆబ్సిడియన్‌లో వాళ్ళ మనిషిలా ఉంటూ, అక్కడి రహస్యాలు హార్బర్‌కి తెచ్చే డబుల్ ఏజెంట్. ఆమె నడిచి వస్తుంటే ఎనభై ఏళ్ళ పాస్టర్ గారు కూడా వాక్యం మరిచిపోయేవారని చెప్పుకుంటారు.

"ఎట్లున్నవ్ ప్రిస్సీ? బక్కగైనవ్."

"బానే ఉన్నానక్కా."

"ఏం బాగు. మొహం చూడు ఎట్ల పీక్కపోయిందో." జోసఫిన్ అంకుల్ వైపు తిరిగింది. "టైం లేదు అంకుల్. పన్నెండు గంటలకు ఆబ్సిడియన్ మన అసలు సర్వర్ మీద పడుతది. కాపలా ఫైల్‌ని వాళ్ళు ఖరాబ్ చేసిన్రు. నేను క్లీన్ కాపీ తెచ్చిన. అది పెట్టి, రీస్టార్ట్ చేసేద్దాం. అయిపోతది."

"రీస్టార్ట్‌కి రెండు తాళాలు కావాలి," అన్నారు అంకుల్. "నిశాంత్ తాళం హెడ్ ఆఫీస్ నీకిచ్చింది. నాది నా దగ్గరుంది. కానీ ఎందుకు దిగిపోతోందో మా ప్రిస్సీ ఒకసారి చూసి చెప్పాలి. ఆరేళ్ళుగా మా లాగులన్నీ చదివేది ఈ పిల్లే."

జోసఫిన్ నవ్వింది. "డిగ్రీ కూడా అయిపోలేదు గదా ఆమెది?"

"అందుకే ప్రతి లైనూ చదువుతుంది," అన్నారు అంకుల్. "మీలాగా తెలుసులే అని దాటెయ్యదు."

*

పదీ ఇరవై అయిదు. పైన రెండో పాట మొదలైంది. అంకుల్ వేదిక మీద కనిపించకపోతే జనానికి అనుమానం వస్తుందని పైకి వెళ్ళారు. జోసఫిన్ క్లీన్ కాపీ బల్ల మీద పెట్టి ఆయన వెంటే వెళ్ళింది. ప్రిస్సిల్లా ఒక్కతే టెస్ట్ మెషీన్ ముందు కూర్చుంది.

భయం వేసినప్పుడు ఆమెకి ఒకటే దారి. ఏదీ వదలకుండా వరసగా చూసుకుంటూ పోవడం. పాపకి జ్వరం వస్తే అలాగే చేసేది: థర్మామీటరు, నాలుక, చెవులు, పొట్ట.

కాపలా ఫైలు ఉండాల్సిన చోట ఉందా? ఉంది. దాన్ని తెరిచి చదివే అనుమతి సర్వర్‌కి ఉందా? ఉంది. సర్వర్ అరవై నాలుగు బిట్లది అయితే, కాపలా ముప్ఫై రెండు బిట్లది అయి ఉంటుందా? కాదు, రెండూ ఒకే కొలతవి, ఒకదానికొకటి సరిపోతాయి. అది ఆధారపడే మిగతా ఫైళ్ళు ఏమైనా తగ్గాయా? లేదు. వరస తప్పిందా, దాని ముందు ఎక్కాల్సింది వెనక ఎక్కుతోందా? అదీ లేదు.

అన్నీ బాగున్నాయి. అయినా దిగిపోతోంది.

రోగం కనపడని జ్వరం లాగా ఉంది. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది.

జోసఫిన్ తీసిన లాగ్ కాగితాలు మళ్ళీ చూసింది. రెండు పేజీలు. ఆఖరి లైను, అన్‌లోడ్ అయింది. ఆ తరవాత తెల్ల కాగితం.

ఆ తరవాత సర్వర్ ఏం చేసింది? ఆగిపోయిందా? ఆగిపోతే ఆగిపోయానని రాస్తుంది. నడిస్తే నడుస్తున్నానని రాస్తుంది. సర్వర్ ఊరికే మాట మధ్యలో నోరు మూసుకోదు. మూడో పేజీ ఏది?

ప్రిస్సిల్లా పాత కాపలా ఫైలుతో టెస్ట్ మెషీన్‌ని తనే స్టార్ట్ చేసింది. లైన్లు గబగబా వచ్చాయి.

కాపలా మాడ్యూల్ లోడ్ అయింది. సీల్ సరిచూడబడింది. సెట్టింగ్స్ చదవబడ్డాయి, తప్పులు లేవు. కాపలా మాడ్యూల్ అన్‌లోడ్ అయింది.

రెండు సెకన్లు.

కాపలా మాడ్యూల్ లోడ్ అయింది. సర్వర్ సిద్ధం.

మళ్ళీ ఎక్కింది!

తాళంచెవి లేకుండా అడ్రస్‌ల పేజీ తెరవాలని చూసింది. కాపలా పోనివ్వలేదు. గబగబా పాత లాగులు తీసింది. ఈ ఏడాదివి. పోయిన ఏడాదివి. సర్వర్ పెట్టిన మొదటి రోజువి. ప్రతి స్టార్ట్‌లోనూ అవే లైన్లు. ఎక్కడం, దిగడం, ఎక్కడం.

అది రోగం కాదు. ఆ సర్వర్ పద్ధతే అంత. మొదటిసారి అన్నీ ఎక్కించుకుని, సెట్టింగ్స్ మొత్తం ఒకసారి చదివి, తప్పులున్నాయేమో చూసుకుంటుంది. ఒక్క తప్పు కనపడినా ఇక ముందుకి పోదు. బాగుంటే అన్నీ దించేసి, మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకుని అసలు పని మొదలుపెడుతుంది. నిశాంత్‌కి ఈ సంగతి తెలియకుండా ఉండదు. రెండు మాస్టర్స్ చేసిన జోసఫిన్‌కీ తెలియకుండా ఉండదు.

తెలిసీ మూడో పేజీ తీసేసింది.

జోసఫిన్ తెచ్చిన క్లీన్ కాపీని ప్రిస్సిల్లా టెస్ట్ మెషీన్‌లో పెట్టి స్టార్ట్ చేసింది. లోడ్. సీల్ సరిచూడబడింది. అన్‌లోడ్. లోడ్. సర్వర్ సిద్ధం. అక్షరం తేడా లేదు.

తాళంచెవి లేకుండా అడ్రస్‌ల పేజీ తెరిచింది.

తెరుచుకుంది.

టెస్ట్ మెషీన్ కాబట్టి అందులో ఉన్నవి ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి వీధులు. అయినా ఆమె కళ్ళు మూసుకుంది. సీల్, అంటే కాపలా సరిగ్గా ఉందా లేదా అన్న పరీక్ష, చూసేది మొదటిసారి ఎక్కినప్పుడే. అప్పుడు ఈ కొత్త కాపలా బుద్ధిగా నిలబడుతుంది. దిగి, రెండోసారి ఎక్కినప్పుడు ఎవరూ చూడరు. అప్పుడు నిద్రపోతుంది.

అసలు సర్వర్‌కి ఏ జబ్బూ లేదు. దాని మెమరీలో పాత, మంచి కాపలా మెలకువగా నడుస్తోంది. సర్వర్ ఆగి మళ్ళీ మొదలవనంత వరకూ దాన్ని ఎవడూ కదపలేడు. ఆబ్సిడియన్‌కి కావలసింది ఒకే ఒక్కటి. రీస్టార్ట్. అది బయట నుంచి వాళ్ళు చేయలేరు. మనవాళ్ళే కంగారుపడి మనచేత్తో చేయాలి. ఏం తేడా వచ్చినా ముందు ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దాం అనడం మనవాళ్ళకి తుమ్మొస్తే తుమ్మినంత అలవాటు.

అంకుల్‌కి చెప్పాలి. బల్ల కింద పాత బేబీ మానిటర్ ఉంది. సలోమీ ఉయ్యాల పక్కన పెట్టినదే. హార్బర్ వాళ్ళు దాన్ని మార్చి, అవతలి కొసని అంకుల్ హియరింగ్ ఎయిడ్‌కి కలిపారు. ప్రిస్సిల్లా కాలి బొటనవేలితో స్విచ్ నొక్కింది. మాట్లాడబోయింది.

స్టీల్ తలుపు తెరుచుకుంది. సెంటు వాసన.

"ఏమైంది ప్రిస్సీ? దొరికిందా?"

*

పదకొండు దాటి మూడు నిమిషాలు.

"చూస్తున్నానక్కా."

"చూసుడు అవసరం లేదు. అంకుల్ తాళం ఇచ్చిండు." జోసఫిన్ గుప్పిట తెరిచింది. రెండు తాళాలు. "పాట మధ్యలో అడిగిన. పిల్ల ఓకే చెప్పింది అంకుల్ అంటే, పాపం, వెంటనే తీసి ఇచ్చిండు."

"నేను ఓకే చెప్పలేదు కదా."

"ఇప్పుడు చెప్తవ్."

గోడ పక్కన అసలు సర్వర్ పెట్టెకి రెండు తాళాలూ పెట్టి తిప్పింది. పైకి వెళ్ళేముందే క్లీన్ కాపీని అందులోకి పంపేసింది. చిన్న ఎర్ర అంకెలు వెలిగాయి. పది నిమిషాలు. తొమ్మిదీ యాభై తొమ్మిది. మధ్యలో ఆపాలంటే మళ్ళీ రెండు తాళాలూ కావాలి. జోసఫిన్ వాటిని తీసి కోటు జేబులో వేసుకుంది.

తరవాత టెస్ట్ మెషీన్ స్క్రీన్ వైపు చూసింది. అక్కడ ఉత్తుత్తి పేర్ల జాబితా ఇంకా తెరిచే ఉంది.

పైన పిల్లలెవరో పరిగెడుతున్న చప్పుడు.

"నిజంగనే ప్రతి లైనూ చదువుతవ్ నువ్వు," అంది జోసఫిన్ నెమ్మదిగా.

ఆమె ప్రిస్సిల్లా వెనక్కి వచ్చి నిలబడింది. పచ్చరాయి ఉంగరం మెడకి చల్లగా తగిలింది. రాయి పక్కకి జరిగిన చిన్న క్లిక్ వినపడింది.

"కదలకు. నిశాంత్‌కి తగిలింది గిదే. వానికి నాలుగు నిమిషాలు పట్టింది. నువ్వు బక్కదానివి, రెండే."

"అక్కా, ఎందుకక్కా ఇలా?"

"ఎందుకు, ఏంది అని చర్చిల అడుగు. మెట్ల దగ్గర మా మనిషి నిలబడ్డడు. ఎవరూ దిగరు. అరిస్తే నీకే నష్టం."

ఎనిమిది నిమిషాలు. ఏదో రంగు తలుపు. బెల్. పరిగెత్తే చిన్న కాళ్ళు.

జోసఫిన్ గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. "ఒక మాట చెప్పనా? నీకు మంచే చేస్త. తలుపు తెరుచుకోంగనే మొదట పదిహేడో నంబర్ తీస్త. అడ్రస్ నీ చేతుల పెడ్త. కారెక్కి పో. మావాళ్ళ కంటే ముందే పోయి, బిడ్డను తీసుకొని ఎటన్న వెళ్ళిపో. పద్నాలుగు నెలలైంది గదా చూసి."

ఆ మాట విన్న క్షణంలో ప్రిస్సిల్లాకి కలిగిన ఆశ ఎంత పెద్దదంటే, ఆ ఆశకే ఆమె సూది కంటే ఎక్కువ భయపడింది. పాప మెడ దగ్గర పాలూ, క్రేయాన్లూ కలిసిన వాసన. కారు సీటు ఇంకా వెనక అలాగే బిగించి ఉంది. అవును అంటే చాలు.

మరి మిగతా ముప్ఫై ఇళ్ళు? ఆ ముప్ఫై ఇళ్ళలో కూడా బెల్ మోగితే పరిగెత్తేవాళ్ళు ఉంటారు.

"ఏం చెయ్యమంటావు అక్కా?" అంది.

"గట్లుండాలె. ముందు అంకుల్‌కి రిపోర్ట్ కొట్టు. అంతా క్లీన్, రీస్టార్ట్‌కి ఓకే అని. ఆయనకు అనుమానం రావొద్దు."

ప్రిస్సిల్లా కీబోర్డు మీద చేతులు పెట్టింది. కాపలా ఫైలుని ఆమె ముట్టుకోలేదు, ఆ అనుమతి లేదు. తాళాలు లేవు. అసలు సర్వర్‌లో ఆమె చేతికి వదిలింది ఒకే ఒక చిన్న ఫైలు. లాగులు ఎక్కడ రాయాలో, ఎలా రాయాలో చెప్పే సెట్టింగ్స్ ఫైలు. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ సర్వర్ పట్టించుకుంటుంది. మొదటిసారి చదివేటప్పుడు అన్ని సెట్టింగ్స్‌తో పాటు దాన్నీ చదువుతుంది.

ఒక్క తప్పు కనపడినా ముందుకి పోదు.

రిపోర్ట్ కొట్టి పంపింది. చేతులు తీయకుండానే ఆ చిన్న ఫైలు తెరిచింది. ఎర్ర అంకెలు నాలుగు నిమిషాలకి వచ్చాయి.

"మళ్ళేం తెరుస్తున్నవ్?"

"లాగ్‌లో నేను చూసిందంతా పడి ఉంటుంది కదక్కా. అంకుల్ తరవాత చూస్తే? అది రాయకుండా ఆపుతున్నాను."

ఉంగరం మెడ మీదే ఉంది. "జల్దీ కానియ్."

ప్రిస్సిల్లా పన్నెండో లైనులో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టింది. దయచేసి ఈ తలుపు తియ్యొద్దు, లోపల పిల్లలున్నారు.

జోసఫిన్ ముందుకి వంగి చదివింది.

హార్బర్‌లో తెలుగువాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. సెట్టింగ్స్ ఫైళ్ళ మధ్యలో తమలో తాము తెలుగులో నోట్స్ రాసుకుంటారు. దీన్ని కదపకురా బాబూ, నిన్నంతా దీంతోనే చచ్చాను, ఇలాంటివి. అలాంటి లైను ముందు ఒక గుర్తు పెడితే సర్వర్ దాన్ని చదవకుండా వదిలేస్తుంది. ఏ ఫైలు చూసినా సగం లైన్లు అవే. చదివీ చదివీ ఎవరికీ అవి కంటికి ఆనవు.

"ఇప్పుడు కూడ నోట్స్ రాసుకుంటున్నవా పిచ్చిదానా?" జోసఫిన్ ముక్కుతో నవ్వింది. "ఏడ్చుకో. ఏడ్చుకుంటే తప్పేం లేదు."

ప్రిస్సిల్లా సేవ్ నొక్కింది. లైను ముందు ఏ గుర్తూ పెట్టలేదు.

*

ఒక నిమిషం. పైన చివరి పాట అందుకున్నారు. ప్రిస్సిల్లాకి ఇప్పుడు ఇంకో భయం. సర్వర్ ఆ లైను చూడకపోతే? ఏదైనా మర్చిపోయి ఉంటే? డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి మాత్రమే తెలిసే సంగతి ఏదైనా ఉంటే?

ఇరవై సెకన్లు. జోసఫిన్ ఫోన్ తీసి ఎవరికో "రెడీ" అంది.

అయిదు. నాలుగు. ప్రిస్సిల్లా పెదాలు కదిలాయి, ప్రార్థనో పాప పేరో ఆమెకే తెలియదు.

సున్నా.

ఎర్ర అంకెలు ఆరిపోయాయి. స్క్రీన్ మీద లైన్లు మొదలయ్యాయి. కాపలా మాడ్యూల్ లోడ్ అయింది. సీల్ సరిచూడబడింది. సెట్టింగ్స్ చదవబడుతున్నాయి.

ఆగింది.

లాగ్ సెట్టింగ్స్, పన్నెండో లైను: అర్థం కాలేదు. రీస్టార్ట్ రద్దు చేయబడింది. ఇప్పుడు నడుస్తున్న సర్వర్ యథాప్రకారం నడుస్తుంది.

జోసఫిన్ ఫోన్‌లో అవతలి గొంతు ఏదో విదేశీ భాషలో అరిచింది. అయినా సంగతి ఎవరికైనా తెలుస్తుంది. తలుపు తెరుచుకోలేదు.

"ఏం చేసినవే నువ్వు?"

ప్రిస్సిల్లా కుర్చీతో సహా పక్కకి పడిపోయింది. కావాలని కాదు, తప్పుకోబోయి. మెడ మీదికి వచ్చిన సూది భుజం మీద దిగింది. అక్కడ పిన్ను పెట్టిన ఆరు మడతల పైట. పట్టు మడతల్లో సూది ఇరుక్కుని విరిగింది.

జోసఫిన్ తలుపు వైపు పరిగెత్తింది. తలుపు దానంతట అదే తెరుచుకుంది. అంకుల్, ఆయన వెనక, చర్చిలో సీట్లు చూపించే అషర్ల కోట్లు వేసుకున్న ఇద్దరు హార్బర్ ఏజెంట్లు. జోసఫిన్ చేతులు వెనక్కి మడిచి పట్టుకున్నారు.

"విన్నానమ్మా," అన్నారు అంకుల్, హియరింగ్ ఎయిడ్ ముట్టుకుంటూ. మెట్లు దిగివచ్చిన ఆయాసం. "మొదటి ముక్క నుంచీ విన్నాను, నీ మెడ మీద సూది ఉందని పైనే ఆగాం. తాళం ఇచ్చిన నాది తప్పు. నన్ను క్షమించు తల్లీ."

"మెట్ల దగ్గర వాళ్ళ మనిషి ఉన్నాడన్నది కదండీ?"

"ఉన్నాడు. ఊరికే నిలబడ్డ మగాడు కనిపిస్తే దేవకుమారి ఆంటీ ఊరుకుంటుందా? లంచ్‌కి కుర్చీలు మొయ్యమంది. రెండు చేతులా ఎనిమిది ఫోల్డింగ్ కుర్చీలతో ఉండగా పట్టుకున్నాం. 'పాపం వాడు ఇంకా భోజనం చేయలేదు, తినిపించి తీసుకెళ్ళండి' అంటోంది ఆవిడ."

ప్రిస్సిల్లా నవ్వబోయింది. ఏడుపు వచ్చింది. నేల మీదే కూర్చుని, పైటలోంచి విరిగిన సూదిని ఎవరో జాగ్రత్తగా పట్టకారుతో తీస్తుంటే, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

*

ఒంటిగంటకి ఫోన్ మోగింది.

"అమ్మా! నాన్న దోశ బర్న్ చేశాడు. ఆల్ బ్లాక్."

"అవునా బంగారం? మరి ఏం తిన్నావు?"

"సీరియల్. అమ్మా, నా టూత్ కదులుతోంది. నువ్వు వచ్చి చూస్తావా?"

"చూస్తానమ్మా. నువ్వు దాన్ని కదపకు. సలోమీ, బెల్ కొడితే?"

"డోంట్ ఓపెన్. నాన్నని పిలవాలి."

"బంగారుతల్లివి."

ఫోన్‌లో, దూరంగా, రైలు కూత వినపడింది. తరవాత ఏదో గంట. ప్రిస్సిల్లా వెంటనే గట్టిగా దగ్గింది, ఆ చప్పుళ్ళు తన చెవిన పడకుండా. ఏ ఊళ్ళో రైలు ఇళ్ళకి అంత దగ్గరగా పోతుందో, ఏ గంట ఎన్నింటికి మోగుతుందో ఆమె ఆలోచించదలచుకోలేదు. అయిదు నిమిషాలూ పాప పన్ను గురించే మాట్లాడింది.

సోమవారం ఉదయం హెడ్ ఆఫీస్ నుంచి ఒక ఫారం వచ్చింది. మెషీన్ పంపినది, మనుషులు చూసినట్టు లేదు. అనుమతించిన రీస్టార్ట్ ఆదివారం పదకొండుంబావుకి విఫలమైంది, లాగ్ సెట్టింగ్స్ పన్నెండో లైనులో లోపం, బాధ్యులు వివరణ ఇవ్వాలి.

ప్రిస్సిల్లా బల్ల ముందు కూర్చుని, ఒక్కో గడీ శ్రద్ధగా నింపింది. లోపానికి కారణం అన్న చోట, ఆపరేటర్ అవగాహన లేమి అనే దాని పక్కన టిక్కు పెట్టింది.

ఇలాంటి తప్పు మళ్ళీ జరగకుండా ఏం చర్యలు తీసుకుంటారు అని ఆఖరి ప్రశ్న.

ఏమీ తీసుకోను, అని రాసి పంపింది.